నిర్బంధము సాహిత్యమునకు తల్లియా?

మొన్న మా పట్టణ పఠనమందిరమున జరిగిన గోష్ఠిలో నొక యుపన్యాసకులు రష్యా సాహిత్యమునుగూర్చి ప్రసంగించుచు, నిరంకుశ పరిపాలన యెంత కఠినమైన నంత గొప్ప సాహిత్యము జనించుననియు, స్టాలిన్ లేకున్న ఆఖ్మతోవా లేదనియు, శిక్షాశిబిరము లేకున్న సోల్జెనిత్సిన్ లేడనియు సెలవిచ్చిరి. మన యున్నవ లక్ష్మీనారాయణగారు ‘మాలపల్లి’ని చెఱసాలలోనే గదా వ్రాసినది యని ముక్తాయింపుగా ననిరి. సభవారు చప్పట్లు చఱచిరి. వక్తగారు పెద్దలు, బహుగ్రంథములు చదివినవారు; వారియందు మాకు గౌరవము గలదు. అయినను ఆ మాటను మేము అంగీకరింపజాలము. దానిని నాలుగడుగులు ముందునకు సాగదీసినచో, కవిని పట్టి కటకటాలలోనికి త్రోసిన యధికారి సరస్వతీదేవికి సేవచేసినవాడగును. పత్రిక నోరు నొక్కిన ప్రభుత్వము భాషను పోషించినదగును. ఇట్టి వాదము సభలో చమత్కారముగా నుండవచ్చును. పరిపాలకుల చెవిని పడిన నది చమత్కారముగా నిలువదు.

మేము వృత్తిచేత న్యాయవాదులము. ఫలానివారు ఫలానివారికి ఋణపడియున్నారని యెవరైన నన్నప్పుడు ఖాతాపుస్తకము చూడక తల యూపుట మాకు అలవాటు లేదు. రష్యా సాహిత్యము స్టాలిన్ ప్రభుత్వమునకు నిజముగా ఋణపడియున్నదా యను ప్రశ్నను గూడ ఖాతానుబట్టియే తేల్చుకొందము.

ఓసిప్ మాండెల్‌స్టామ్ అను కవి 1933 నవంబరులో స్టాలిన్‌పై పదునాఱు పంక్తుల పద్యమొకటి కూర్చెను. దానిని కాగితముపై పెట్టలేదు. నమ్మదగినవారనుకొన్న కొలదిమంది మిత్రులకు మాత్రము వినిపించెను. విన్నవారిలో నెవరో చేరవేసిరి. 1934 మేలో పోలీసులు రాత్రివేళ యింటికి వచ్చి, సోదాచేసి, కవిని గొనిపోయిరి. విచారణాధికారి యెదుట ఆయన ఆ పద్యమును స్వహస్తముతో వ్రాసి యిచ్చెను. తన యింట నొక్క ప్రతియైన నుంచుకొన వీలులేని పద్యమునకు, కవి చేతివ్రాత ప్రతి ప్రభుత్వమువారి నేరారోపణ దస్త్రములో భద్రముగా నిలిచినది! మొదట చెర్దిన్ పట్టణమునకును, పిదప వొరోనెజ్‌కును ఆయనను ప్రవాసము పంపిరి. 1938 మేలో మరల నిర్బంధించి అయిదేండ్ల శిబిరశిక్ష విధించిరి. ఆ యేటి డిసెంబరు 27న వ్లాదివొస్తోక్ సమీపమున ఖైదీలను మజిలీగా నుంచు శిబిరమున ఆయన మరణించెను. వయస్సు 47 ఏండ్లు.

వొరోనెజ్ ప్రవాసమున ఆయన వ్రాసిన పద్యములు గొప్పవి కావా యని వక్తగా రడుగవచ్చును. గొప్పవే. కాని 47వ యేట చచ్చినవాడు 50వ యేట వ్రాయవలసిన పద్యముల లెక్క యెవరు చెప్పుదురు? వచ్చిన పైకమును జమ వ్రాసి, పోయిన పైకమును వ్రాయని గుమాస్తాను ఏ షావుకారును కొలువులో నుంచుకొనడు.

ఆ ప్రభుత్వము నేరవిచారణ జరిపిన విధమును మా వృత్తివారు ప్రత్యేకముగా గమనింపదగియున్నది. రష్యా శిక్షాస్మృతిలో 58వ అధికరణమని యొకటి యుండెడిది. దాని 10వ విభాగము సోవియట్ వ్యతిరేక ప్రచారమును శిక్షించును. ప్రచారమన నేమో నిర్వచనము లేదు గనుక పద్యము, హాస్యోక్తి, మిత్రునికి వ్రాసిన జాబు, అన్నియు నందులో నిమిడిపోయెను. 1934 డిసెంబరు 1న లెనిన్‌గ్రాడ్‌లో కీరోవ్ అను నాయకుడు హత్యకు గురికాగా, ఆ దినమే యొక శాసనము పుట్టినది. భయోత్పాతక చర్యల నేరములందు దర్యాప్తు పది దినములలో ముగియవలెను, నేరారోపణ పత్రము విచారణకు ముందొక్క దినము మాత్రమే ముద్దాయి కీయవలెను, ప్లీడరు లేడు, అప్పీలు లేదు, మరణశిక్షయైనచో తత్క్షణమే యమలుజరుపవలెను. ఇదిగాక రహస్య పోలీసుశాఖలో ‘ప్రత్యేక సమావేశము’ అను సంఘమొకటి యుండెను. ముద్దాయిని కంట చూడకయే అది శిక్షలు వేయుచుండెను.

కథారచయితలలో నగ్రగణ్యుడైన ఇసాక్ బాబెల్‌ను 1939 మే 15న మాస్కో దగ్గఱ పెరెదెల్కినోలోని యింట పట్టుకొని, వ్రాతప్రతుల కట్టలు గూడ మోసికొనిపోయిరి. పరదేశముల గూఢచారియని నేరము మోపిరి. దెబ్బలకు తాళక ఒప్పుకొనిన మాటలను ఆయన పిదప ఉపసంహరించుకొన్నను వినినవారు లేరు. 1940 జనవరి 26న జరిగిన విచారణ యిరువది నిమిషములలో ముగిసినది. మఱునాడు తెల్లవాఱకమునుపే కాల్చివేసిరి. మా మునసబు కోర్టులో నొక గట్టుతగాదా వాయిదా వేయుటకు గూడ నింతకన్న నెక్కువ కాలము పట్టును. కుటుంబమువారికి మాత్రము ఆయన 1941 మార్చి 17న చనిపోయెనని తెలియజేసిరి. అనగా బాబెల్ కాగితముమీద నొక సంవత్సరమునకు పైగా బ్రదికియుండెను.

మాత్వేయ్ బ్రొన్‌ష్టైన్ అను యువ భౌతికశాస్త్రజ్ఞుని 1938 ఫిబ్రవరిలో కాల్చిరి. భార్యకు చెప్పినదేమనగా: ‘పదియేండ్ల శిక్ష, ఉత్తరప్రత్యుత్తరముల హక్కు లేదు.’ ఈ వాక్యమును విని యెందఱో స్త్రీలు పదియేండ్లు లెక్కపెట్టుకొనుచు కూర్చుండిరి. అనేకుల విషయమున దాని యర్థము మరణశిక్ష యమలు జరిగినదనియే. శిక్ష క్రూరముగా నుండుట లోకమున క్రొత్త కాదు. కాని వేసిన శిక్ష యేదో చెప్పుటకు గూడ ధైర్యము లేక, విధవకు సధవయని తాఖీదు పంపిన ప్రభుత్వమును మేము మా చట్టగ్రంథములలో నెచ్చటను చదివియుండలేదు.

ఆ భార్య పేరు లిదియా చుకోవ్‌స్కయా. ఆమెను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఆమె ప్రసంగము మరల వచ్చును. 1939, 1940 సంవత్సరములలో ఆమె పాఠశాల విద్యార్థులు వ్రాసికొను నోటుపుస్తకమున నొక చిన్న నవల వ్రాసెను. కుమారుని పోలీసులు పట్టుకొనిపోగా, ప్రభుత్వము తప్పు చేయదని నమ్మియు, కుమారుడు తప్పు చేయలేదనియు నమ్మి, ఆ రెండు నమ్మకములనడుమ మతి చలించిన యొక సామాన్య టైపిస్టు తల్లి కథ యది. పేరు ‘సోఫియా పెత్రోవ్నా’. ఆ సంభవములు జరుగుచుండగనే వ్రాసినందున దానికొక సాక్ష్యపు బలము గలదు. ఆ నోటుపుస్తకమును ఆమె యొక మిత్రునియొద్ద దాచెను. లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆ మిత్రుడు ఆకలిచే మరణించెను. మరణమునకు ముందు దానిని తన సోదరి కప్పగించి పోయెను. నవల స్వదేశమున అచ్చుపడినది 1988లో.

ఈ చుకోవ్‌స్కయాయే అన్నా ఆఖ్మతోవాకు ఆంతరంగికురాలు. ఆఖ్మతోవా మొదటి భర్త, కవియగు గుమిల్యోవ్‌ను 1921లోనే కాల్చియుండిరి. కుమారుడు లేవ్‌ను పలుమాఱులు నిర్బంధించిరి. లెనిన్‌గ్రాడ్ చెఱసాలల వాకిళ్లలో, లోపలివారికి పొట్లము నందించుటకై నిలుచు స్త్రీల వరుసలలో ఆమె పదునేడు నెలలు నిలిచెను. అచ్చట పుట్టినది ‘రెక్వియమ్’ అను కావ్యము. ఇంటిగోడలకు చెవులున్నవని శంకించి ఆమె యట్టి పద్యములను పైకి చదువకుండెను. చిన్న కాగితపు ముక్కపై వ్రాసి చుకోవ్‌స్కయా చేతి కిచ్చుచు, వాతావరణమునుగూర్చియో తేనీటినిగూర్చియో బిగ్గఱగా మాటలాడుచుండెను. చుకోవ్‌స్కయా దానిని చదివి కంఠస్థముచేసి తిరిగి యిచ్చును. ఆఖ్మతోవా అగ్గిపుల్ల గీచి సిగరెట్టు బూడిదపాత్రపై ఆ కాగితమును కాల్చివేయును. ఇట్లు ఆ కావ్యము కొన్ని సంవత్సరములు కొందఱి జ్ఞాపకమందు తప్ప వేఱొకచోట నివసింపలేదు. మాండెల్‌స్టామ్ భార్య నదేజ్దా భర్త పద్యములను అట్లే కంఠస్థముచేసి, ఊరూర పంతులమ్మ యుద్యోగము చేసికొని బ్రదుకుచు, రాత్రులందు వల్లెవేసికొని కాపాడెను.

వేదములను నోటితో నిలిపిన దేశమువారమని మనము గర్వపడుదుము. మనవారికి వ్రాయుట నేరమై కాదు. ఇరువదవ శతాబ్దమున, ముద్రాయంత్రములు వేలకొలది తిరుగుచున్న మహారాజ్యమున, ఒక కవయిత్రి కృతి నిలుచుటకు స్నేహితురాండ్ర కంఠము తప్ప గతి లేకపోయినదనిన, ఆ ముద్రాయంత్రముల యజమానికి కృతజ్ఞత చెప్పుమనుట యెంతటి యన్యాయము! పద్యమును నిలిపినవారు ఆ స్త్రీలు. జమ వారి పేర పడవలెను.

ఇక మాకు చెప్పుటకు కష్టముగా నున్న విషయమొకటి గలదు. ఆంధ్రదేశమున రష్యా సాహిత్యమనిన మొదట గోర్కీ. గోర్కీ యనిన ‘అమ్మ’. క్రొవ్విడి లింగరాజుగారి తెనుగున దానిని చదివి కంట తడిపెట్టని కార్యకర్త మన తండ్రుల తరమున నరుదు. పిదప మాస్కో నుండియే తెలుగు పుస్తకములు వచ్చినవి; ప్రగతి ప్రచురణాలయమువారు, తరువాత రాదుగవారు అచ్చువేయగా, ఉప్పల లక్ష్మణరావుగారివంటి విద్వాంసులు అచ్చటనే యుండి అనువదింపగా, విశాలాంధ్ర పుస్తకశాలలలో గట్టి యట్టలతో, చక్కని బొమ్మలతో, పేదవిద్యార్థి గూడ కొనదగిన వెలకు దొరకెడివి. మేమును బాల్యమున ఆ పుస్తకములతోనే పెరిగితిమి. చెహోవ్‌ను, టాల్‌స్టాయ్‌ను మాకు చూపినవి యవియే. 1991లో సోవియట్ రాజ్యముతోబాటు ఆ ధార యెండిపోయినప్పుడు మేము నిజముగా చింతించితిమి. ఆ మేలును మఱువము. కాని ఆ పెట్టెలలో ఆఖ్మతోవా ‘రెక్వియమ్’ రాలేదు, మాండెల్‌స్టామ్ పద్యము రాలేదు, చుకోవ్‌స్కయా నోటుపుస్తకము రాలేదు. అవి స్వదేశమునందే లేనివి, మనకెట్లు వచ్చును? మనకు వచ్చిన రష్యా ఒక కన్ను మూసిన రష్యా.

ఆ గోర్కీ 1929లో తెల్లసముద్రమందలి సొలొవ్కీ దీవులలోని శిక్షాశిబిరమును చూడబోయి, మెచ్చుకొనుచు వ్రాసెను. ఖైదీల చేత 1931 మొదలు 1933 వఱకు త్రవ్వించిన తెల్లసముద్రపు కాలువనుగూర్చి, ముప్పదియాఱుగురు రచయితలు కలిసి వ్రాసిన ప్రశంసాగ్రంథము 1934లో వెలువడగా దాని సంపాదకులలో నాయన యొకరు. గడ్డకట్టిన నేలలో పాఱలతో ఒక్లబండ్లతో త్రవ్వి వేలకొలది ఖైదీలు ప్రాణములు విడిచిన కాలువ యది. ఆ 1934 ఆగష్టులోనే మాస్కోలో సోవియట్ రచయితల ప్రథమ మహాసభ గోర్కీ యధ్యక్షతను జరిగినది. సంఘసభ్యునికి కాగితము, ఇల్లు, జీతము, విశ్రాంతిగృహము. సంఘమునుండి వెలివడినవానికి ముద్రణాలయపు తలుపు మూత. ‘అమ్మ’ వ్రాసిన చేయి ఆ పని గూడ చేసినదని యెఱిగినంత మాత్రమున ‘అమ్మ’ను పారవేయమని మేము చెప్పము. అదే గోర్కీ అనేకులను మరణమునుండి తప్పించుటకు సిఫారసులు చేసెననియు మఱువరాదు. కాని ఆయన చిత్రపటమునకు దండవేయువారు ఆ కాలువగ్రంథమును గూడ తెలిసికొని వేయవలెను.

వంగినవారందఱును ఒక్కతీరున వంగలేదు. 1946 ఆగష్టు 14న కమ్యూనిస్టు పక్షపు కేంద్రసంఘము తీర్మానము చేసి ఆఖ్మతోవాను, హాస్యరచయిత జోష్చెంకోను దూషించి, రచయితల సంఘమునుండి వెడలగొట్టించినది. 1949లో ఆమె కుమారుని మరల పట్టుకొనిరి. 1950లో ఆ వృద్ధురాలు స్టాలిన్‌ను పొగడుచు పద్యములు వ్రాసి పత్రికలో అచ్చువేయించుకొనెను. కుమారుని విడిపించుకొనవలెనని వ్రాసినది. ఆ ఫలమును దక్కలేదు, 1956 వఱకు అతడు శిబిరమందే యుండెను. ఈ పద్యములను చూపి ఆమెను నిందించువారి నెఱుగుదుము. బిడ్డ మెడపై కత్తి పెట్టి తల్లిచేత వ్రాయించుకొనిన పత్రము ఏ న్యాయస్థానమునందును చెల్లదు. అయితే ఆ పద్యములు గూడ నిర్బంధము కన్న సాహిత్యమే గదా! నిర్బంధమును సాహిత్యమునకు తల్లి యనువారు ‘రెక్వియమ్’ను మాత్రమే ఆ తల్లి యొడిలో బెట్టి, ఈ కానుకలను ఎవరి యింట దింపుదురు?

1953లో స్టాలిన్ చనిపోయిన పిమ్మట చంపుట తగ్గినది. వెలుగు పూర్తిగా రాలేదు. పాస్టర్నాక్ నవల స్వదేశమున నిరాకరింపబడి 1957లో ఇటలీలో వెలువడినది; మఱుసటియేట నోబెల్ బహుమతి రాగా, రచయితల సంఘమే ఆయనను వెలివేసి బహుమతిని వదలుకొనునట్లు చేసినది. వాసిలీ గ్రాస్‌మన్ కథ యింతకన్న విచిత్రము. యుద్ధకాలమున ఎఱ్ఱసేనతో స్టాలిన్‌గ్రాడ్‌నుండి బెర్లిను వఱకు నడచిన విలేఖరి యాయన. ఆయన మహానవల ‘జీవితమును విధియును’ పూర్తియై పత్రికకు పోగా, 1961 ఫిబ్రవరిలో పోలీసులు వచ్చి వ్రాతప్రతులేగాక కార్బన్ కాగితములను, టైపురైటరు రిబ్బనులను గూడ గొనిపోయిరి. రచయితను మాత్రము పట్టుకొనలేదు, పుస్తకమునే నిర్బంధించిరి. మరుసటియేట పక్షసిద్ధాంతాధికారి సుస్లోవ్ ఆయనను పిలిపించి, యిట్టి పుస్తకము రెండు మూడువందల యేండ్లవఱకు అచ్చుపడదని చెప్పెను. గ్రాస్‌మన్ 1964లో కడుపులోని పుట్టకురుపుచే మరణించెను. మిత్రులు దాచిన ప్రతిని ఛాయాచిత్రములుగా తీసి విదేశమునకు దాటింపగా 1980లో స్విట్జర్లాండున అచ్చుపడినది; 1988లో స్వదేశమునను వెలువడినది. సుస్లోవ్‌గారి అంచనా యించుమించు ముప్పావు పాలకు మించియే తప్పినదని పాఠకులు సంతోషింపవచ్చును. కాని గ్రాస్‌మన్ దానిని కన్నులార చూడలేదు.

1964లో లెనిన్‌గ్రాడ్ న్యాయస్థానమున యోసెఫ్ బ్రాడ్‌స్కీ యను యువకవిని సోమరిపోతను నేరముపై విచారించిరి. అతనిని కవిగా నియమించిన దెవరని న్యాయాధిపతురాలు ప్రశ్నించెను. ఆ విచారణను ఫ్రీదా విగ్దొరోవా యను పత్రికారచయిత్రి, వ్రాయవద్దని న్యాయపీఠము గద్దించినను, వ్రాసికొనెను. ఆ ప్రతి చేతులు మాఱి లోకమంతయు వ్యాపించినది. అయిదేండ్ల ప్రవాసశిక్ష ఒకటిన్నర యేటిలో ముగియుటకు ఆ కాగితములు చేసిన మేలు పెద్దది. కోర్టుగుమాస్తా వ్రాసిన రికార్డు నెవరడిగిరి?

1966 ఫిబ్రవరిలో సిన్యావ్‌స్కీ, డానియేల్ అను రచయితలకు, మాఱుపేర్లతో విదేశమున కథలు ప్రకటించినందుకు, క్రమముగా ఏడును అయిదును సంవత్సరముల కఠినశిక్ష విధించిరి. కథలోని పాత్రలు పలికిన మాటలను రచయిత యొప్పుదలగా నెత్తిచూపి ప్రాసిక్యూటరు వాదించెను. ఈ న్యాయము చొప్పున శకుని పలుకులకు వ్యాసుల వారిని బోనులో నిలుపవచ్చును! అంతటితో నాగలేదు. అంతకు ముందేటనే నోబెల్ బహుమతి నందిన షోలొఖోవ్ పక్షమహాసభలో లేచి, శిక్ష చాలదన్న ధోరణిని మాటలాడెను. ‘ప్రశాంత దాన్’ను మనవారు ప్రేమతో చదివినారు గనుక ఈ మాట మనకు ముల్లువలె గ్రుచ్చుకొనును. ఆయనకు బహిరంగముగా జాబు వ్రాసి, సాహిత్యమును విమర్శింపవలసినది సాహిత్యముతోనే గాని శిక్షాస్మృతితో కాదని నిలదీసినది మరెవరో కాదు, నోటుపుస్తకపు లిదియా చుకోవ్‌స్కయాయే. 1974లో ఆమెను గూడ సంఘమునుండి తొలగించిరి.

ఇక వక్తగారి సోల్జెనిత్సిన్. 1945లో నిర్బంధింపబడుటకు మునుపే ఆయన రచయిత కావలెనని దీక్షబూని వ్రాయుచుండెను. శిబిరమున కాగితముంచుకొనరాదు గనుక పంక్తులను కూర్చి, రొట్టెతో చేసిన జపమాల పూసలపై లెక్కపెట్టుకొనుచు వల్లెవేసెను. ఆ శ్రమలో సాహిత్యమునకు పోయినదెంత, మిగిలినదెంత? ఆయన ‘గులాగ్’ గ్రంథమును టైపుచేసిన ఎలిజవేతా వొరొన్యాన్‌స్కయా యను వృద్ధురాలిని 1973లో పోలీసులు దినములతరబడి ప్రశ్నించి ప్రతి యెక్కడనున్నదో చెప్పించిరి. పిదప ఆమె ఉరికి వ్రేలాడుచు కనబడెను. ఆ గ్రంథమును పొగడువారు ఆమె పేరు గూడ పలుకవలెను. జార్ చక్రవర్తి చెఱనుండి వచ్చిన దాస్తయేవ్‌స్కీ తన ఖైదు జ్ఞాపకములను 1860 దశాబ్దపు ప్రారంభమున స్వదేశపు పత్రికలలోనే ప్రకటించుకొనెను. శిబిరములలో పదునేడేండ్లు గడపిన షలామోవ్ 1982లో చనిపోవునప్పటికి ఆయన కోలిమా కథలు స్వదేశమున పుస్తకముగా రాలేదు. మన లక్ష్మీనారాయణగారికి చెఱలో కాగితమును కలమును దొరకినవి. పుస్తకమును ఆ ప్రభుత్వము నిషేధించినది నిజమే గాని, నిషేధమును వ్యతిరేకించి మాటలాడుటకు బయట పత్రికలుండెను, సభలుండెను. ‘మాలపల్లి’ బ్రదికినది వీనివలన. తెల్లదొరల దయవలన కాదు.

సోవియట్ రాజ్యము కూలుచున్న దినములలో రష్యా రచయితలు కొందఱు పూనుకొని రహస్యపోలీసుల దస్త్రములను తెఱపించి, పట్టుకొనిపోబడిన వ్రాతప్రతులకొఱకు వెదకిరి. కొన్ని దొరకినవి. మాండెల్‌స్టామ్ చేతివ్రాత పద్యమును అట్లు వెలుగుచూచినదే. బాబెల్ దస్త్రమున విచారణ కాగితములున్నవి, ఒప్పుకోలు పత్రమున్నది, ఒప్పుకోలును ఉపసంహరించుకొనిన విన్నపమున్నది, శిక్ష యమలుజరిగిన ధ్రువపత్రమున్నది. ఆ రోజు పెరెదెల్కినో నుండి మోసికొనిపోయిన కథల కట్టలు మాత్రము నేటివఱకును దొరకలేదు.